తెలియక చేసిన కీడు

కీడు చేయవలెనను తలంపు లేకుండ చేసిన పనివలన ఇతరులకు హాని కలిగినచో, చేసినవాడు దోషియగునా కాడా యను ప్రశ్న మిగుల ప్రాచీనమైనది. ఆదిపర్వమునందలి మాండవ్యోపాఖ్యానమున దీనికొక సమాధానము కలదు. తాను శూలము పాలగుటకు బాల్యమున పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చుటయే కారణమని యమునివలన విని, ఆ ముని పదునాలుగేండ్లు నిండనివానికి పాపమంటదని కట్టడి చేసెను. అజ్ఞానము బాలునకు రక్షయని దీని తాత్పర్యము. ఆ రక్ష ఎంతవరకు చెల్లునో విచారించుటకు నేటి ఓడల వర్తకము తగిన నిదర్శనము.

సరకు దించి తేలికపడిన ఓడ సముద్రమున నిలుకడగా పోజాలదు. పూర్వము అడుగున ఱాళ్లును ఇసుకయు నింపెడివారు. ఉక్కు ఓడలు వచ్చిన పిమ్మట నీటినే నింపుచున్నారు. దీనిని బలాస్టు నీరందురు. ఒక రేవున తోడిన యీ నీటిని సరకెక్కించు వేరొక రేవున విడుతురు. నావికుల ప్రాణరక్షణకై చేయు పనిని మేము తప్పనము. కాని ఆ నీటితో కంటికానని ప్రాణులును, చేపల గ్రుడ్లును, గుల్లల పిల్లలును ప్రయాణము చేయును. పుట్టినచోట వానిని అదుపుచేయు జంతువులు క్రొత్తచోట నుండకపోవచ్చును.

అమెరికా తూర్పుతీరపు నెమియాప్సిస్ అను జెల్లివంటి ప్రాణి 1980 దశకారంభమున నల్లసముద్రమున కానవచ్చి, చిన్నచేపల ఆహారమును గ్రుడ్లను మ్రింగసాగెను. ఆ దశకాంతమున నచ్చటి నెత్తళ్లజాతి చేపలవేట కూలిపోయెను. అతివేటయు అందుకు తోడ్పడెను. మన విశాఖపట్టణపు రేవునను 1967 ప్రాంతమున కరిబియను సముద్రపు నల్లచారల గుల్ల పొడచూపినది. అదియు ఓడల వెంట వచ్చిన అతిథియే.

ఇందు నష్టపడువాడెవడు? ఓడ యజమాని కాడు, సరకు కొన్నవాడును కాడు. వలనే నమ్ముకొన్న జాలరి. లాభమొకరిది, నష్టమింకొకరిది. ‘నా ఓడ విడిచిన నీరెంత? నావలననే కీడు కలిగెనని రుజువేమి?’ అని యజమాని అడుగవచ్చును. వేయిమంది తలకొక ఱాయి రువ్వి, ఏ ఱాయి తగిలినదో తెలియదనుటచేత అందరును నిర్దోషులగుదురా? ఏ జీవి ఏ రేవును పాడుచేయునో ముందుగా చెప్పజాలము, నిజమే. కాని కీడు వచ్చు మార్గము తెలిసినది. మార్గము తెలిసినవానికి తెలియదను మాట చెల్లదు.

ఈ ధర్మమును దేశములు ఆలస్యముగానైనను గుర్తించినవి. 2004లో కుదిరిన అంతర్జాతీయపు ఒడంబడిక 2017 సెప్టెంబరు 8 నుండి అమలునకు వచ్చినది. దాని ప్రమాణము చొప్పున, విడుచు నీటిలో 50 మైక్రోమీటర్లును అంతకు మించియు నుండు సజీవప్రాణులు ఘనమీటరునకు పదికంటె తక్కువగా నుండవలెను. అందులకై ఓడలలో నీటిని వడపోసి, అతినీలలోహిత కిరణములచేతనో మందులచేతనో శుద్ధిచేయుదురు.

వ్యయము మెండని కొందరు మొరపెట్టుదురు. పిదప చేయు చికిత్స ఎట్టిదో చూడుడు. ఆ నల్లచారల గుల్లయే 1999లో ఆస్ట్రేలియాలోని డార్విను పడవరేవులలో కనబడగా, రేవులను మూసి క్లోరినును మైలుతుత్తమును పోసి దానిని నిర్మూలించిరి. దానితోపాటు ఏ పాపమెఱుగని జలచరములును చచ్చెను. ముందు పొదుపుచేసినవాని ఋణమును అవి తీర్చినవి.

ఇది ఓడలకే చెల్లు మాట కాదు. తన యిల్లు శుభ్రపఱచుకొని మురుగును వీథిలోనికి వదలు గృహస్థునకును ఇదియే న్యాయము. తెలియనినాటి కీడునకు పశ్చాత్తాపము చాలును. తెలిసినపిమ్మట ఉపేక్షయే దోషము. వర్తకమునకు పదునాలుగేండ్లు ఎన్నడో నిండినవి.