ఆత్మహనులు అంటే ఎవరు?

ఈ వారం ఒక్క మాట గురించే మాట్లాడుకుందాం. ఈశావాస్యోపనిషత్తు మూడో మంత్రంలో 'ఆత్మహనః' అని ఉంటుంది. తమను తాము చంపుకునేవాళ్లు అని పైకి కనిపించే అర్థం. వాళ్లు కటికచీకటి కమ్మిన లోకాలకు వెళ్తారని ఆ మంత్రం చెబుతుంది.

ఈ మాటను మనవాళ్లు ఎక్కడ వాడుతున్నారో తెలుసా? ఒక ఇంట్లో పిల్లాడు ఆత్మహత్య చేసుకుని పోతాడు. పదో రోజైనా కాకముందే ఎవరో పెద్దమనిషి ఆ తల్లికి వినబడేలా "ఉపనిషత్తే చెప్పింది కదమ్మా, వాడికి చీకటి లోకాలే" అంటాడు. వినడానికే నాకు ఒళ్లు మండుతుంది. పైగా ఆ అర్థమే తప్పు.

శంకరాచార్యులవారి భాష్యం చూడండి. ఆత్మకు ముసలితనం లేదు, చావు లేదు. మరి దాన్ని చంపడమేంటి? తనలోనే ఉన్నదాన్ని పట్టించుకోకుండా, అజ్ఞానంతో అది లేనట్టే బతికేయడం. ఉన్నది మరుగున పడిపోతే చచ్చినదానితో సమానమే కదా, అందుకని ఆ మాట. ఇక ఆ చీకటి లోకాలంటే, ఆత్మజ్ఞానం లేక ఎత్తే జన్మలు. పరమాత్మ స్థితితో పోలిస్తే దేవతలూ ఆ లెక్కలోకే వస్తారంటారు ఆయన! అంటే ఆత్మను తెలుసుకోని ప్రతివాళ్లూ ఆత్మహనులే. ఆ పెద్దమనిషీ, నేనూ అందరం.

భాగవతం పదకొండో స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి ఇదే మాట ఇంకా తేలిగ్గా చెప్తాడు. మనిషి శరీరం గట్టి పడవ. గురువు దాన్ని నడిపేవాడు. నా అనుగ్రహం అనుకూలమైన గాలి. ఇన్ని ఉండి కూడా సంసార సముద్రం దాటనివాడు తనను తాను చంపుకున్నవాడేనట. ఇక్కడా మాట బతికున్నవాళ్లకే తగులుతోంది, గమనించారా?

అలాగని మన ధర్మశాస్త్రాలు ఆత్మహత్యను ఒప్పుకుంటాయని కాదు, ఒప్పుకోవు. పడవను నడిసముద్రంలో వదిలేయమని ఎవరు చెప్తారు? కానీ బతికున్నవాడిని పట్టుకుని "వద్దురా నాన్నా" అనడం వేరు, పోయినవాడి మీద తీర్పు చెప్పడం వేరు. మొదటిది మన పని. రెండోది మనది కాదు. పోయినవాళ్ల కోసం దీపం పెట్టండి, నామం చెప్పుకోండి, ఆ ఇంటివాళ్ల పక్కన కాసేపు కూర్చోండి.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే, మీరు పాపులు కారు, బాధలో ఉన్నారు. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. చెప్పలేకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. జపం చేసుకుంటే అదే పోతుందిలే అని ఆగకండి. జపమూ చేయండి, డాక్టర్ దగ్గరికీ వెళ్లండి.

వచ్చే వారం నాలుగో మంత్రం. అసలు కదలకుండానే మనసు కన్నా వేగంగా వెళ్లేదేమిటో చూద్దాం.