కోచ్‌ గారి ఒప్పంద పత్రం

ఫ్లోరిడా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో 88 వేల మంది కూర్చోవచ్చు. అమెరికాలో ఇలాంటి పెద్ద జట్ల కోచ్‌కి యూనివర్సిటీ అధ్యక్షుడి కంటే ఎక్కువ జీతం. అంత డబ్బు ఊరికే ఇవ్వరు కదా! ఇంకా స్కూలు దాటని కుర్రాళ్లను తమ జట్టుకు రమ్మని బతిమాలుకోవడమూ ఆ ఉద్యోగంలో భాగమే.

ఫ్లోరిడా జట్టుకు కోచ్‌గా అర్బన్ మేయర్ 2006, 2008 సీజన్లలో జాతీయ టైటిల్ తెచ్చాడు. 2009లో ఓటమి ఎరగకుండా సాగుతున్న జట్టు డిసెంబరులో అలబామా విశ్వవిద్యాలయం జట్టు చేతిలో ఓడింది. ఇంటికి చేరాక మేయర్ ఛాతీ నొప్పితో ఆసుపత్రి పాలయ్యాడు. క్రిస్మస్ మర్నాడు రాజీనామా ప్రకటించాడు. నాన్న మళ్లీ తనకు దక్కాడని కూతురు సంబరపడింది. ఒక్క రోజు కూడా గడవకముందే, మానేయడం లేదు, సెలవు పెడుతున్నానంతే అన్నాడు.

మరుసటి ఏడు నిజంగానే మానేశాడు. 2011 చివర్లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం కోచ్‌గా పిలిచింది. ఈసారి పిల్లలు తేలిగ్గా వదల్లేదు. గులాబీ రంగు కాగితం మీద షరతులు రాసి సంతకం పెట్టించుకున్నారు. ఆఫీసులో రోజుకు 9 గంటలకు మించి ఉండకూడదు. మూడు పూటలా తినాలి. రాత్రి ఫోన్ మోగకూడదు. వాటి మధ్యనే ఇంకొకటి: దేవుడి సంకల్పాన్ని నమ్మాలి, అతిగా ఆందోళన పడకూడదు.

గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా ధ్యానం గురించి చెబుతూ తిండి, నిద్రల ప్రస్తావన తెస్తాడు. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ నిద్రే పోనివాడికీ యోగం కుదరదంటాడు. మనం ఫలాపేక్ష మాటను పదవీ విరమణ సన్మానాల్లో సైతం వాడేస్తాం గానీ, ఈ మాట దగ్గర ఆగం. ఫలం మీద ఆశ వదిలేశానని ఎవరైనా చెప్పుకోవచ్చు. కంచం ముందు కూర్చున్నాడా లేదా అన్నది మాత్రం ఇంట్లోవాళ్లకు తెలిసిపోతుంది.

మేయర్ 2014 సీజన్లో మళ్లీ టైటిల్ గెలిచాడు. మెదడులో తిత్తి, భరించలేని తలనొప్పులు. 2019 జనవరి 1న రోజ్ బౌల్ మ్యాచ్‌తో తప్పుకున్నాడు. 2021లో జాక్సన్‌విల్ ప్రొఫెషనల్ జట్టు పగ్గాలు పట్టి, తొలి సీజన్ ముగియకముందే ఉద్వాసనకు గురయ్యాడు. ఆయన్ని చూసి నవ్వడం సులభం. కానీ మనసును పట్టడం గాలిని పట్టినంత కష్టమని అర్జునుడంతటివాడు మొరపెట్టుకున్నదీ ఆ ఆరో అధ్యాయంలోనే.