చిన్న పని – ఇంట నెమ్మది

ధ్యాన భాగము: లూకా 15:8–10



మన తాతలు బ్రతుకుతెరువు కొరకు పుట్టిన ఊళ్ళు విడిచి వచ్చిరి. నేడు మనము కోలారులో, షోలాపూరులో, బరంపురములో, చెన్నపట్నములో, యానాములో స్థిరపడి ఉన్నాము. మనలో అనేకులకు వీధిలో మాట్లాడు భాష ఒకటి, తలుపు వేసికొన్న తరువాత ఇంట మాట్లాడు భాష మరొకటి. అట్టివారికి ఇల్లే సొంత ఊరు. ఆ ఇంట నెమ్మది లేకపోయినయెడల మనము తిరిగి పోవుటకు వేరొక ఊరు లేదు. అందుచేత ఈ నెల మేము పెద్ద సిద్ధాంతమును ఎత్తుకొనక, ఇంటి పనిని గూర్చి, ఇంటి నెమ్మదిని గూర్చి కొన్ని మాటలు మీతో పంచుకొన దలచితిమి.

ప్రభువు చెప్పిన ఉపమానము మీకందరికి తెలిసినదే. ఒక స్త్రీ యొద్ద పది వెండి నాణెములు ఉండెను. అందులో ఒకటి పోయెను. ఆ కాలపు పేదల ఇండ్లలో వెలుతురు తక్కువ. ఆమె ఏమి చేసెనో గమనించుడి. మూల కూర్చుండి ఏడ్వలేదు. భర్తను నిందించలేదు. పొరుగువారిని అనుమానించలేదు. దీపము ముట్టించెను, ఇల్లు ఊడ్చెను, నాణెము దొరకువరకు ఓపికతో వెదకెను. పొరుగువారిని పిలిచినది నాణెము దొరకిన తరువాత, సంతోషమును పంచుకొనుటకే.

నశించిన పాపిని వెదకు దేవుని ప్రేమను చెప్పవలసివచ్చినప్పుడు, ప్రభువు రాజును చూపలేదు, యాజకుని చూపలేదు. చీపురు పట్టిన ఒక ఇల్లాలిని చూపెను. ఇంటి పనిని తక్కువగా ఎంచు మనము ఈ మాట యొద్ద ఆగవలెను.

మా ఇంట జరిగినదే మీకు చెప్పెదము. మేము కోలారు బంగారు గనుల లైన్లలో పుట్టి పెరిగినవారము. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో పనిచేసెను. భూమిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు పోయిన గని అది. 2001 ఫిబ్రవరి నెలాఖరున గనులు మూతపడినవి. అంతవరకు షిఫ్టు వేళకు లేచి, షిఫ్టు వేళకు పండుకొన్న మనిషికి ఒక్కసారిగా పగలు, రాత్రి ఒకటైపోయినవి. మంచముమీద గోడవైపు తిరిగి పండుకొనెడివాడు. పిలిచినను పలికెడివాడు కాడు. మా అమ్మ నాలుగిండ్లలో పనిచేసి వచ్చుసరికి మా ఇంట అంట్లు అట్లే ఉండెడివి, విడిచిన బట్టలు అట్లే ఉండెడివి, బిందెలు ఖాళీగా ఉండెడివి. ఆమె అరచెడిది, ఆయన అరచెడివాడు. ఒక రాత్రి ఆయన అన్నము పళ్ళెమును గోడకు విసిరెను. పిల్లలమైన మేము దొరికినన్ని మెతుకులు ఏరుకొని తింటిమి. ఆ రాత్రి మా ఇంట ప్రార్థన జరుగలేదు.

మరునాటి సాయంకాలము సంఘములోని ఒక వృద్ధ విధవరాలు మమ్మును చూడవచ్చెను. అందరము ఆమెను అవ్వా అని పిలిచెడివారము. ఆమె వాక్యము చెప్పుననుకొని మా అమ్మ చాప పరచినది. ఇంతలో కరెంటు పోయెను. 1902లోనే శివనసముద్రమునుండి కరెంటు వచ్చిన ఊరు మాది. అయినను ఆ దినములలో మా ఇంట లాంతరు లేనిదే రాత్రి గడచెడిది కాదు. అమ్మ లాంతరు వెలిగించినది గాని గాజునిండ మసి. అవ్వ మా నాయనవైపు తిరిగెను.

“ఏం నాయనా, గనిలోకి దిగేటప్పుడు ఎప్పుడన్నా దీపం ఇట్లా పెట్టుకొని దిగినావా?” అని అడిగెను.

నాయన చాలసేపు పలుకలేదు. తరువాత, “లేదవ్వా” అనెను.

“అయితే లేచి దీన్ని తుడువు. నాకు నీ పెండ్లాం మొగమే కనపడడంలేదు.”

లాంతరు ఆర్పితిమి. గాజు చల్లారువరకు అందరము చీకటిలోనే కూర్చుంటిమి. నాయన పాత పంచె గుడ్డతో, పొయ్యిలోని మెత్తని బూడిదతో గాజును తుడిచెను, ఒత్తి కొన కత్తిరించెను, మరల వెలిగించెను. ఆ వెలుగులో ఆయన మా అమ్మ ముఖము చూచెను. గోడవార నిన్నటి మెతుకులు ఎండి అంటుకొని ఉండుటయు చూచెను. ఎవరును చెప్పకుండనే చీపురు తీసికొని ఆ మూల ఊడ్చెను. అవ్వ చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయెను. వాక్యము చెప్పనే లేదు.

ఒక్క రాత్రిలో ఇల్లు మారినదని మేము చెప్పము. అప్పు అట్లే ఉండెను, పని దొరకలేదు. అయితే ఆనాటినుండి లాంతరు తుడుచుట నాయన పని అయినది. తరువాత కొళాయి యొద్ద నీళ్ళు పట్టుటయు ఆయన పనే అయినది. అలసివచ్చిన అమ్మకు నిండిన బిందెలు కనబడగానే ఆమె గొంతు మెత్తబడెను. ఆమె గొంతు మెత్తబడగా ఆయన కోపము తగ్గెను. కొన్ని నెలలకు ఆయన తెల్లవారుజామున మారికుప్పమునుండి బెంగుళూరు పోవు రైలెక్కి, వాచ్‌మన్ పనికి పోసాగెను. పళ్ళెము విసిరిన రాత్రినిగూర్చి ఆయన నోటితో క్షమాపణ అడుగగా మేము వినలేదు. గాని చివరివరకు, మా ఇంట రాత్రి భోజనమైన తరువాత పళ్ళెములన్నియు ఆయనే కడిగెను.

ప్రియులారా, ఇందులో మనము నేర్చుకొనవలసినది ఏమి?

మొదటిది, నెమ్మది లేని హృదయమునకు దేవుడు తరచుగా చిన్న పనినే చూపించును. సిరియా సైన్యాధిపతియైన నయమాను గొప్ప కార్యము చేయుటకు సిద్ధపడి వచ్చెను. ప్రవక్త చెప్పినది యొర్దానులో ఏడుమారులు మునుగుమని మాత్రమే. అది చిన్నదని నయమానుకు కోపము వచ్చెను. చిన్నదే గదా, చేసి చూడరాదా అని నచ్చజెప్పినది అతని దాసులు (2 రాజులు 5). ఏలీయా చావు కోరుకొని చెట్టుక్రింద పండుకొనినప్పుడు దేవుడు మొదట అతనికి ప్రసంగము చేయలేదు. దూతచేత కాల్చిన రొట్టెను, నీళ్ళను ఇప్పించి, తినమని, మరల పండుకొననిచ్చెను. హోరేబు కొండ ప్రయాణము తరువాత వచ్చినది (1 రాజులు 19). మనమైతే కొండనే మొదట చూచి కూలబడుదుము. పెరిగిన అప్పు, కుదరని పెండ్లి సంబంధము, మాట వినని కుమారుడు, ఇవన్నియు ఒకేసారి మీదపడును. వీటిలో దేనిని మనము ఈ సాయంకాలమే తీర్చలేము. గాని తొట్టిలోని నాలుగు గిన్నెలు తోమగలము. మొదలుపెట్టి ముగించిన ఒక్క పని, ‘నా చేత ఇంకను అగును’ అని మనస్సునకు సాక్ష్యము చెప్పును.

మన మిషను చరిత్రలోను ఇట్టిది ఉన్నది. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు, ఒంగోలులో సేవ చేయుచున్న క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో ఒక భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చూపెను. చెన్నపట్నపు విశ్వాసులు నేటికిని ఆ కాలువను తమ నగరములో చూచుచున్నారు. కరవు ఎప్పుడు తీరునో ఆ కూలీలలో ఎవరికిని తెలియదు. వారి చేతిలో ఉన్నది ఒక గంప మన్ను, దాని తరువాత మరియొక గంప. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనము గొప్పగా చెప్పుకొందుము. ఆ దినమందును బాప్తిస్మము ఇచ్చినది ఒక్కొక్కరికే. గొప్ప దినములుకూడ ఒక్కొక్కటిగానే నిండును.

రెండవది, పనితోపాటు సణుగు చేరినయెడల నెమ్మది పోవును. మార్తను జ్ఞాపకము చేసికొనుడి (లూకా 10:38–42). ఆమె వంట చేయుట తప్పని ప్రభువు అనలేదు. అనేకమైన వాటినిగూర్చి తొందరపడుటను, ఆ తొందరలో చెల్లెలిమీద ఫిర్యాదు చేయుటను ఆయన సరిచేసెను. మన ఇండ్లలోను ఇదే జరుగుచున్నది. ‘నేను ఒక్కదాననే చేయవలెనా’ అను మాట చీపురుకంటె బరువైనది. అయితే సహోదరులారా, ఆ మాట ఆమెచేత అనిపించుచున్నది ఎవరు? ఆదివారము బల్లయొద్ద నిలిచి రొట్టెను పంచు చేతులు, సోమవారము తాను తిన్న పళ్ళెమును ఎత్తుటకు సిగ్గుపడవచ్చునా? మన ప్రభువు నడుమునకు తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. ఇంటి పనిని స్త్రీల మెడకు మాత్రమే కట్టి, ఇంట సమాధానము కావలెనని ప్రార్థించుట న్యాయము కాదు. మగపిల్లలకును ఇప్పటినుండియే నేర్పుడి.

మూడవది, మనకు నెమ్మది ఇచ్చునది శుభ్రమైన ఇల్లు కాదు, ప్రభువే. అద్దమువలె మెరయు ఇంటిలోను మాట పలుకని భార్యాభర్తలు ఉందురు. చిన్న పని తలుపు తీయును, లోపలికి వచ్చువాడు ఆయన. అందుచేత పనిని విగ్రహముగా చేసికొనవద్దు. పసిబిడ్డ తల్లి ఇల్లు చిందరవందరగా ఉన్నదని ఆమెను తీర్పు తీర్చవద్దు. పోయి ఆమె బట్టలు నాలుగు మడతపెట్టి రండి.

మరియొక మాట. కొందరికి లేచి నీళ్ళు త్రాగుటకుకూడ శక్తి ఉండదు. వారాల తరబడి నిద్ర రాక, ఆకలి లేక, చావు తలంపులతో ఉందురు. అది సోమరితనము కాదు, విశ్వాసలోపము కాదు, అది జబ్బు. అట్టివారికి చీపురు చేతికివ్వక, వైద్యునియొద్దకు తోడుగా వెళ్ళుడి. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 నంబరున ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. ప్రార్థన, మందు ఒకదానికొకటి విరోధము కావు.

ఈ వారము మనము ఏమి చేయుదము? మేము పాటించుచున్న నాలుగు సంగతులు చెప్పెదము.

మనస్సు కలతగా ఉన్నప్పుడు ఇల్లంతటిని చూడవద్దు. ఒక మూలను చూడుడి. గుమ్మము యొద్ద చెప్పులు, లేచిన పక్క, స్టవ్ గట్టు, ఏదైనను ఒక్కటే. దానిని ముగించుడి.

కోపము నోటిదాకా వచ్చినప్పుడు, జవాబు చెప్పకముందు చేతికి పని ఇయ్యుడి. ఒక బిందె నింపి వచ్చులోపల అనరాని మాట ఒకటి ఆగిపోవును.

పనిచేయునప్పుడు ఒక్క పేరు జ్ఞాపకము చేసికొని ప్రార్థించుడి. బిడ్డ చొక్కా మడతపెట్టుచు ఆ బిడ్డకొరకు, అత్తగారి మందుల డబ్బా సర్దుచు ఆమెకొరకు ప్రార్థించుడి. వేరుగా సమయము లేదను నెపము అప్పుడు ఉండదు.

రాత్రి దీపము ఆర్పినప్పుడు మిగిలిన పనిని ప్రభువునకు అప్పగించి పండుకొనుడి. రేపటికి రేపటి కృప ఉన్నది.

చివరగా ఒక సంగతి. పునరుత్థానమైన తెల్లవారుజామున పేతురు సమాధిలోనికి పోయి చూచినప్పుడు, ప్రభువు తలకు కట్టిన రుమాలు ఇతర బట్టలతో కలిసి పడియుండక, వేరుగా ఒకచోట చుట్టిపెట్టబడి ఉండెను (యోహాను 20:7). మరణమును జయించిన ఆ ఉదయమునను అక్కడ తొందర లేదు, చిందరవందర లేదు. కొన్ని దినములకు ఆయన సముద్రతీరమున తానే నిప్పులు పేర్చి, చేపలు కాల్చి, అలసిన శిష్యులను భోజనమునకు పిలిచెను. ఆ భోజనమైన తరువాతనే, తన్ను ఎరుగనని బొంకిన పేతురుతో మాట్లాడి అతని తిరిగి నిలువబెట్టెను. విరిగిన సంబంధములు కట్టబడుటకు ముందు ఎవరో ఒకరు పొయ్యి వెలిగించవలెను. మీ ఇంట ఈ సాయంకాలము ఆ ఒకరు మీరే కావచ్చును.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము మోయలేని వాటిని నీవు మోయుము. మేము చేయగల చిన్న పనిని మాకు చూపుము. మా చేతులను, మా నోళ్ళను నీ స్వాధీనమందు ఉంచుము. మా ఇండ్లలో దీపము వెలిగించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.