ఎన్ని తిన్నామో మనమే చెప్పాలి

మోసం చేయడానికి వీలు లేని చోట మోసం చేయకపోతే అది నిజాయితీ అవుతుందా? ఈ ప్రశ్నకు జపాన్ పల్లెల్లోని ఉడోన్ కొట్లు మంచి ఉదాహరణ అని నాకు అనిపిస్తుంది.

జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు, అంటే మన రాష్ట్రాల లాంటి విభాగాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది షికోకు దీవిలోని కగావా. దాని పాత పేరు సనుకి. అక్కడ వానలు తక్కువ. అందుకే పూర్వం నుండి వేలాది చెరువులు తవ్వుకున్నారు, గోధుమలు కూడా పండించుకున్నారు. గోధుమపిండి, ఉప్పు, నీళ్లు కలిపి చేసే లావుపాటి నూడుల్సే ఉడోన్. పిండి చాలా గట్టిగా ఉంటుంది గనుక పైన పట్టా వేసి కాళ్లతో తొక్కుతారు. ఎండు నెత్తళ్లు కాచిన చారులో వేసుకుని తింటారు.

పల్లెల్లో ఈ కొట్లు పెద్ద హోటళ్లలా ఉండవు. కొన్నయితే నూడుల్స్ తయారుచేసే షెడ్లే. మనమే గిన్నె పట్టుకుని వరుసలో నిలబడాలి. ఒక ఉండ కావాలా, రెండు ఉండలు కావాలా చెప్పాలి. కొన్ని చోట్ల వాటిని వేడినీళ్లలో ముంచుకోవడం, చారు పోసుకోవడం, ఉల్లికాడలు చల్లుకోవడం అన్నీ మన పనే. మన బజ్జీల లాంటి టెంపురా పళ్లేల్లో పెట్టి ఉంటుంది, కావలసింది తీసుకోవచ్చు. కొన్ని కొట్లలో తిన్న తరువాతే డబ్బు ఇవ్వాలి. ఏమేమి తిన్నామో మనమే చెప్పాలి.

రెండు టెంపురాలు తిని ఒకటే అంటే ఎవరికి తెలుస్తుంది? మరి కొట్టు యజమాని అమాయకుడా? కాదు. లెక్క రాయడానికి ఒక మనిషిని పెడితే అతనికి జీతం ఇవ్వాలి, అప్పుడు ఉడోన్ ధర పెంచాలి. తక్కువ ధరకే కడుపు నిండుతుందంటే అందులో నమ్మకానికి కూడా భాగం ఉంది.

పరీక్ష హాలులో సారు వెనకాలే నిలబడి ఉంటే ఎవరూ కాపీ కొట్టరు. అంతమాత్రాన అందరూ నిజాయితీపరులని చెప్పలేము. సారు బయటికి వెళ్లినప్పుడే అది తెలుస్తుంది. ఉడోన్ కొట్టువాడు తినే ప్రతి మనిషికీ అలాంటి అవకాశం ఇస్తున్నాడు.

"అది జపాన్, అక్కడివాళ్లు మంచివాళ్లు, మన దగ్గర కుదరదు" అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. జపాన్ పల్లెల్లో రోడ్డు పక్కన కూరగాయలు పెట్టి, డబ్బులు వేయడానికి ఒక పెట్టె పెడతారు. అమ్మే మనిషి ఉండడు. అక్కడా దొంగతనాలు జరిగి, కొన్ని చోట్ల కెమెరాలు పెట్టారు. మన వైపు ఇంటి ముందు ఇడ్లీలు అమ్మే అవ్వలు కూడా "ఎన్ని తింటివి నాయనా?" అని అడిగి, మనం చెప్పినంతకే డబ్బు తీసుకుంటారు. కాబట్టి నమ్మకం ఒక దేశం సొత్తు కాదు.

అయితే అన్ని చోట్లా ఇలా నమ్మాలా? అక్కరలేదు. కొట్టువాడు తన సొమ్మును పణంగా పెట్టి నమ్ముతున్నాడు, అది అతని ఇష్టం. పదిమంది సొమ్ము మన చేతిలో ఉన్నప్పుడు మాత్రం లెక్క చూపించాల్సిందే. క్లాసులో టూరు కోసం డబ్బు వసూలు చేసిన లీడరును లెక్క అడగడం అవమానం కాదు.

ఒకడు అబద్ధం చెబితే పోయేది ఒక టెంపురా ధర మాత్రమే అనుకుంటాము. నిజానికి అంతకంటే ఎక్కువే పోతుంది. అలాంటివాళ్లు పెరిగితే యజమాని కాపలా పెడతాడు. అప్పటి నుండి నిజం చెప్పేవాళ్లను కూడా అనుమానంగానే చూస్తాడు. తరువాత వచ్చే ముసలాయన, చిన్నపిల్లవాడు ఏ తప్పూ చేయకుండానే ఆ మర్యాద పోగొట్టుకుంటారు. మనల్ని నమ్మినవాళ్ల దగ్గర సరిగ్గా లెక్క చెప్పడం అంటే, మన తరువాత వచ్చేవాళ్లను కూడా వాళ్లు నమ్మేలా చేయడం. అందుకే చిన్న అబద్ధమైనా చిన్నది కాదని నా అభిప్రాయం.