సీసాపాల ప్రేమ

తెలుగులో మనిషిని తిట్టాలంటే మందలో కలిపేస్తే చాలు. ఓటేసినవాళ్ళనీ, సినిమా టికెట్లకి ఎగబడినవాళ్ళనీ "గొర్రెల మంద" అనేస్తాం. మంద అంటే సొంత బుర్ర లేకపోవడం, ముందు నడిచేదాని వెనకాల నడిచిపోవడం అని మన లెక్క. గుంపులోంచి విడిగా నిలబడ్డవాడే గొప్పవాడని చదువుకుంటూ పెరిగాం కదా. ఈ లెక్క పట్టుకుని అల్పాకా దగ్గరికి వెళ్తే మాత్రం అదొక్క ముక్క కూడా మనకి అర్థం కాదు.

అల్పాకాని రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. పొడవాటి మెడ, పెద్ద కళ్ళు, నుదుటి మీద సెలూన్‌లో సెట్ చేయించుకున్నట్టున్న జుట్టు. లామాకి దగ్గరి చుట్టం, ఒంటెకి దూరపు చుట్టం. ఆండీస్ పర్వతాల మీద కొన్ని వేల ఏళ్ళ కింద వికూన్యా అనే అడవి జంతువుని మచ్చిక చేసుకోగా వచ్చింది. ఇప్పటికీ ప్రపంచంలోని అల్పాకాల్లో ఎక్కువ భాగం పెరూలోనే ఉన్నాయి, 30 లక్షలకి పైగా. గత నలభై ఏళ్ళలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో కూడా నాలుగెకరాలు కొనుక్కుని ఐదో పదో అల్పాకాల్ని పెంచుకునేవాళ్ళు తయారయ్యారు. శంకర్‌పల్లి వైపో చేవెళ్ళ వైపో వీకెండ్ ఫామ్ కలలు కనే మనకి ఆ మనుషులు మరీ కొత్తేం కాదు.

వాళ్ళు మొట్టమొదట నేర్చుకునే సంగతి, ఒక్క అల్పాకాని పెంచకూడదని. కనీసం రెండు ఉండాలి, మూడైతే మేలు. ఒంటరిదాన్ని చేస్తే మేత తగ్గించేస్తుంది, కుంగిపోతుంది, జబ్బుపడుతుంది. తోడుగా కుక్కని పెట్టినా, మనమే పొద్దస్తమానం పక్కన కూర్చున్నా ఆ లోటు తీరదు. దానికి కావాల్సింది ఇంకో అల్పాకా.

కంచె ఇవతల నిలబడి ఓ పూట చూస్తే ఎందుకో తెలుస్తుంది. మందంతా పెంటికలు వేయడానికి ఒకే చోటు పెట్టుకుంటుంది. సన్నగా ముక్కుతో ఏదో కూనిరాగం తీస్తూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. దూరంగా కొత్త కుక్క కనిపిస్తే ఒకటి కీచుమంటుంది, మిగతా తలలన్నీ ఒక్కసారి అటు తిరుగుతాయి. మేత దగ్గర తగువొస్తే మొహాన ఉమ్మేసుకుంటాయి. కడుపుతో ఉన్న ఆడది మగదాన్ని దగ్గరికి రానివ్వదు, ఉమ్మి తరిమేస్తుంది. కట్టు నిలిచిందో లేదో పెంచేవాళ్ళు తెలుసుకునే పద్ధతుల్లో అదొకటి. తల్లి పదకొండు నెలలకి పైనే మోసి, సాధారణంగా పగటిపూటే, ఒక్క పిల్లని కంటుంది. ఎముకలు కొరికే రాత్రి చలిలో తడి పిల్ల బతకడం కష్టం మరి. పిల్ల నేల మీద పడగానే మిగతావి వచ్చి వాసన చూసి వెళ్తాయి.

ఇందులో మనకి చోటేదీ? మేత బకెట్ పట్టుకుంటే దగ్గరికొస్తాయి. తల మీద చెయ్యేయబోతే మెడ వెనక్కి లాక్కుంటాయి. చూడ్డానికి ఇంత మెత్తటి జంతువు, ముట్టుకుంటే మాత్రం ఇష్టపడదు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఒక్కోసారి తల్లికి పాలు రావు, లేదా తల్లే చనిపోతుంది. అప్పుడు పిల్లకి సీసాపాలు పట్టాలి. వణికిపోతున్న ఏడెనిమిది కిలోల మగపిల్ల. ఇంట్లోకి తెచ్చుకుంటారు, దుప్పటి కప్పుతారు, ఒళ్ళో పడుకోబెట్టుకుంటారు. అది వెనకాలే తిరుగుతుంది, మొహం మొహానికి ఆనిస్తుంది. తాకనివ్వని జంతువు తనంతట తానొచ్చి ఒళ్ళో వాలితే ఎవరు మాత్రం కాదనగలరు?

రెండు మూడేళ్ళు గడుస్తాయి. ఆ పిల్ల ఇప్పుడు అరవై డెబ్భై కిలోల మగ అల్పాకా. ఒకరోజు పెంచినవాళ్ళ మీదికే ఉరుకుతుంది. గుండెతో గుద్ది పడేస్తుంది, కరుస్తుంది. ఫామ్‌ల వాళ్ళు దీనికి బెర్సెర్క్ సిండ్రోమ్ అని పేరు పెట్టుకున్నారు, అంటే వెర్రెత్తడం అని. విత్తులు తీయించినా అన్నిసార్లూ ఫలితం ఉండదు. కొన్నిటిని చివరికి సూదేసి చంపాల్సొస్తుంది.

ఆ పేరులోనే అన్యాయం ఉంది. ఎదిగిన మగ అల్పాకా ఇంకో మగదానితో ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. ఎగబడుతుంది, గుద్దుతుంది, కరుస్తుంది. చిన్నప్పుడు దాని లోకంలో ఉన్నది మనుషులే కాబట్టి, మనుషుల్నే తన మంద అనుకుంది. మనం వెర్రి అంటున్నది దాని దృష్టిలో చుట్టరికం. ఆ చుట్టరికం కలిపింది మనమే. అది కూడా కొట్టి, తిట్టి కాదు, ముద్దు చేసి.

అందుకే తెలిసినవాళ్ళు అలాంటి పిల్లని వీలైనంతవరకూ మంద మధ్యే ఉంచుతారు. సీసా అక్కడికే తీసుకెళ్తారు. పాలు పడతారు, ఒళ్ళు తుడుస్తారు, వచ్చేస్తారు. నిమరరు, ఒళ్ళో పెట్టుకోరు. అది వెనకాల వస్తే మొహం తిప్పుకుంటారు.

ఇది ప్రేమేనా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దూరం పాటించడం అనేది పట్టించుకోకపోవడానికి మంచి పేరు కూడా కావచ్చు. "నేను అటాచ్ అవ్వను" అని చెప్పుకుని చేతులు దులుపుకునేవాళ్ళు మనుషుల మధ్యా బోలెడుమంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, రాత్రి రెండింటికి చలిలో లేచి సీసా వెచ్చబెట్టేది ఎవరన్న దగ్గర. చాకిరీ మొత్తం చేసి, ఆ చాకిరీకి వచ్చే ముద్దుని వద్దనుకోవడం ఒకటి. చాకిరీ కూడా వద్దనుకోవడం ఇంకొకటి. బయటికి రెండూ దూరంలాగే కనిపిస్తాయి, పిల్లకి మాత్రం చావుబతుకుల తేడా.

ముద్దు అంటనివాళ్ళ కథ కూడా ఒకటుంది. అల్పాకాలు 1984 నుంచి అమెరికాకి పెద్ద ఎత్తున రావడం మొదలైంది. ఒక్కో ఆడదాన్ని వేలకొద్దీ, పదివేలకొద్దీ డాలర్లు పోసి కొన్నారు. ఏడాదికోసారి కత్తిరిస్తే వచ్చే రెండు మూడు కిలోల ఉన్నికి అంత విలువెక్కడిది? దాని పిల్లని రేపు ఇంకొకడు అదే ధరకి కొంటాడన్న ఆశే ధర. ఇది గాలిబుడగ అని కాలిఫోర్నియాకి చెందిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లోనే రాశారు. ఆ తర్వాత బుడగ పగిలింది. నిన్న బ్యాంకు డిపాజిట్‌లా చూసుకున్న జంతువుల్ని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు కరువయ్యారు.

ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళనీ పెట్టుబడి పెట్టినవాళ్ళనీ ఒకే గాటన కట్టడం సబబు కాదు. ఒకరిది జాలి, ఇంకొకరిది ఆశ. కానీ ఇద్దరి లెక్కలోనూ మిగతా మంద కనపడదు. ఒకరికి అది నా పిల్ల, ఇంకొకరికి నా సొమ్ము. అల్పాకాకి ఒక అల్పాకాగా ఏం కావాలన్నది ఇద్దరూ అడగలేదు.

మరి ఆండీస్ కాపరులో? నాలుగు వేల మీటర్ల ఎత్తున మందని మేపుకుంటూ, దాని ఉన్నితో, దాని మాంసంతో బతుకుతారు. పండగనాడు వాటి చెవులకి రంగురంగుల ఉన్ని కుచ్చులు కడతారు. చెవికి కుచ్చు కట్టిన చేతులే రేపు కత్తి పట్టుకుంటాయి. పొట్టేలుకి పేరు పెట్టి పెంచి, జాతరనాడు కోసే ఇళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నాయి. ఆ పూట అన్నం తినని పిల్లలూ ఆ ఇళ్ళలో ఉంటారు. కాపరిదే సరైన దారి అని నేననను. చచ్చే జంతువుకి చంపేవాడి మనసు ఎంత స్పష్టంగా ఉందన్నదాంతో పనిలేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బతికినన్నాళ్ళూ దాన్ని దాని మందలో బతకనిచ్చాడు. మనం అతని కత్తిని కాదనొచ్చు, కానీ ఆ బతుక్కన్నా తక్కువ ఇచ్చి ఎక్కువ ప్రేమించామని చెప్పుకోలేం.

ఫ్లాట్‌లో కుక్కకి బర్త్‌డే చేసేవాళ్ళతో నాకు పేచీ లేదు. కుక్క వేల ఏళ్ళ కిందే మనల్ని తన మందలో కలుపుకుంది. అన్ని ప్రాణులూ అలా కలుపుకోవు. ఒకదాన్ని ఇంటికి తెచ్చుకునే ముందు దానికి ఎంత ప్రేమ ఇవ్వగలం అని ఆలోచిస్తాం. అది ఎవరి ప్రేమ కోరుకుంటుంది అన్నది అంతకన్నా ముందు ఆలోచించాల్సిన మాట. జవాబు మన పేరు కాకపోవచ్చు.

సీసాపాల పిల్ల ఆరేడు నెలలకి పాలు మానేస్తుంది. అన్నీ సరిగ్గా జరిగి ఉంటే, ఓ పొద్దున్న మన పక్కనుంచే, మన వైపు చూడకుండా మందలోకి నడిచిపోతుంది. అన్ని రాత్రులు లేచి పాలు పట్టినవాళ్ళకి ఆ నిమిషం మనసు చివుక్కుమంటుంది. అలా చివుక్కుమందంటే పని సరిగ్గా జరిగినట్టే.