బాల్కనీలో కూర్చున్న గొంతు

మేం పెరిగిన కాకినాడలో ఆడవాళ్లు సినిమా హాల్లో ఈల వేయగా నేనెప్పుడూ చూడలేదు. కొత్త సినిమా రిలీజైతే కింద కాగితాలు ఎగిరేవి. హీరో తెరమీదికొచ్చాక మొదటి డైలాగు ఎవరికీ వినపడేది కాదు. పైన బాల్కనీలో అమ్మ, పిన్ని, నేను బుద్ధిగా కూర్చునేవాళ్లం. మాకూ ఆ హీరో అంటే ప్రాణమే. కాకపోతే మా ఇష్టం కళ్లల్లో ఉండాలి, నోరు దాటకూడదు. అలా ఉండమని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ బాల్కనీ నాతోపాటు అమెరికా దాకా వచ్చిందని నలభై దాటాక తెలిసింది. 2021 నవంబరు 28న, లాస్ ఏంజెలెస్‌ని ఆనుకుని ఉన్న ఇంగిల్‌వుడ్‌లో, సోఫై స్టేడియంలో కొరియా పాటల బృందం బీటీఎస్ కచేరీకి వెళ్లినప్పుడు.

థాంక్స్‌గివింగ్ సెలవులు. శాన్‌హోసె నుంచి ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్లాను. అంతకుముందు ఏడాది వాళ్లు చేయాల్సిన ప్రపంచ టూరు కరోనా వల్ల మొదట వాయిదా పడింది, తర్వాత పూర్తిగా రద్దయింది. జనం ఎదుట నిలబడి సొంత కచేరీ చేసి రెండేళ్లు దాటిపోయింది వాళ్లకి. అక్కడికి చేరిన మాకు అదంతా తెలుసు. బయట క్యూలో ముక్కూ మొహం తెలియని ఒకామె నా మణికట్టుకి ఊదారంగు పూసల దండ కట్టి, డబ్బులివ్వబోతే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. అభిమానులు ఇంట్లో కూర్చుని ఇలాంటివి గుచ్చుకొచ్చి పంచుతారు. నాకు తీసుకోవడానికే మొహమాటం వేసింది. ఇంత బాహాటంగా ఇష్టపడటం నాకు అలవాటు లేదు మరి.

బీటీఎస్ అభిమానులకి ఒక జపం లాంటిది ఉంది. పాటలో మాటలు లేని చోట ఏడుగురి అసలు పేర్లూ వరసగా అరవాలి. ముందు నాయకుడు కిమ్ నామ్‌జున్, ఆ తర్వాత వయసు వరసలో కిమ్ సొక్‌జిన్, మిన్ యూన్‌గి, జంగ్ హోసొక్, పార్క్ జిమిన్, కిమ్ తెహ్యంగ్, జాన్ జంగ్‌కుక్. అంట్లు తోముతూ, ఆఫీసుకెళ్తూ మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. తడబడే ప్రశ్నే లేదు. కానీ అక్కడ, అంతమంది ఒక్క గొంతుతో మొదలుపెట్టేసరికి నా పెదాలు కదిలాయి తప్ప శబ్దం రాలేదు. మాస్కు ఉంది కాబట్టి ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. పక్క సీటులో తల నెరిసిన ఒకావిడ మెడనరాలు తేలేలా అరుస్తోంది. ఆవిడ వంక చూస్తూ ఉండిపోయాను. రెండు మూడు పాటలయ్యాక ఎప్పుడు మొదలైందో గానీ, నా గొంతు నాకే వినిపించింది. బొంగురుగా, పరాయిదానిలా. ఆ తర్వాత ఆపలేదు.

కన్నీళ్లు అప్పుడొచ్చాయి. వాళ్లని చూసినందుకు వచ్చాయని చాలాకాలం అందరికీ చెప్పాను, నేనూ అలాగే నమ్మాను. ఇప్పుడు నిదానంగా తరచి చూసుకుంటే, ఆ కన్నీళ్లలో వాళ్ల వాటా ఎంతో, అన్నేళ్లు నోరెత్తని ఆ బాల్కనీ పిల్ల వాటా ఎంతో విడదీయలేకపోతున్నాను.

నా సీటు పైన, చాలా ఎత్తులో. అక్కడి నుంచి వేదిక మీద మనుషులు గోరంత ఉన్నారు. అయినా తెర వైపు చూడకుండా నా షుగానే వెతుక్కున్నాను. మిన్ యూన్‌గి వేదిక మీది పేరు అది. 2020 నవంబరులో ఆయన ఎడమ భుజానికి శస్త్రచికిత్స జరిగింది. ఆ చెయ్యి ఎంత ఎత్తుకి లేస్తోంది, దించేటప్పుడు ఆగుతోందా అని పాట పాటకీ చూశాను. బాగానే ఎత్తుతున్నాడు. నా మనసు కుదుటపడింది.

ఏడు నెలలు తిరక్కుండానే, 2022 జూన్‌లో, వాళ్ల తొమ్మిదో వార్షికోత్సవానికి ఏడుగురూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్న వీడియో వచ్చింది. కొరియా పాప్‌లోని ఈ ఐడల్ పద్ధతిలో మనిషి ఎదగడానికి వ్యవధే ఉండదని నామ్‌జున్ అన్నాడు. పాట రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉందని, మాటలే రావడం లేదని షుగా చెప్పాడు. నేను భుజంలో నొప్పి వెతుకుతుంటే అలసట మరెక్కడో ఉంది. అంత దూరం నుంచి ఎవరికైనా అది కనిపించేది కాదు, నిజమే. నన్ను తొలిచింది అది కాదు. నాకు గొంతు తెచ్చిపెట్టిన రాత్రి, వాళ్ల లోపల మాటలు ఇంకిపోతున్న కాలం ఒక్కటే కావచ్చు. నా సంతోషానికి ఎవరు ఏం చెల్లించారో అడగకుండా దాన్ని దాచుకోవడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు.

ఆ కచేరీకీ ఈ వీడియోకీ మధ్యలో, 2022 మార్చిలో, వాళ్లు సొంత దేశంలో, సియోల్‌లో పాడారు. కరోనా నిబంధనల వల్ల రోజుకి 15,000 మందినే రానిచ్చారు. అరవకూడదు, మడత అట్టలతో చప్పుడు చేయాలంతే. ఆ వీడియోలు చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. వాళ్ల భాషే మాతృభాషగా పుట్టినవాళ్లు, వాళ్ల పేర్లు నాకన్నా ఎంతో బాగా పలకగలిగినవాళ్లు, నోరు మూసుకుని ప్రేమించాల్సి వచ్చింది. అదెంత కష్టమో నాకు తెలుసు. అరవకపోయినంత మాత్రాన ఆ ప్రేమ తక్కువదేం కాదనీ తెలుసు. మా పిన్ని ప్రేమ తక్కువదా?

2022 డిసెంబరులో సొక్‌జిన్‌తో మొదలై ఒక్కొక్కరే సైనిక విధుల్లోకి వెళ్లారు. అందరూ పూర్తి చేసుకునేసరికి 2025 జూన్ వచ్చింది. ఆ ఎదురుచూపులో ఒకరోజు నన్ను నేను అడిగాను, వీళ్లు మళ్లీ వేదికెక్కకపోతే, షుగా ఇక చాలనుకుని ఇంకేదో పని చేసుకుంటూ హాయిగా ఉంటే, నాకు సంతోషమేనా అని. సంతోషమేనన్న జవాబు వచ్చింది. వెంటనే మాత్రం రాలేదు.