పేక – ముక్క: గంజీఫా సేకరణలో ఒక నైతిక ప్రశ్న

తెలుగులో ఆటకార్డును ‘ముక్క’ అంటాం. ముక్కలన్నీ కలిస్తే ‘పేక’. ముక్క అన్న మాటలోనే అది ఒక పూర్ణవస్తువుకు చెందినదన్న స్ఫురణ ఉంది. పాతకాలపు చిత్రిత పేకలను సేకరించేవారికి ఎదురయ్యే నైతిక ప్రశ్నకు ఈ స్ఫురణే ఆధారం. అందమైన ముక్కను మాత్రమే కొని దాచుకోవడం సంరక్షణమా, విధ్వంసమా?

గంజీఫాను ఉదాహరణగా తీసుకుందాం. మొగలుల కాలంలో మన దేశంలో వ్యాపించిన ఈ ఆటకు నిర్మల్, మైసూరు, సావంత్‌వాడి, బిష్ణుపూర్ వంటి చోట్ల గుండ్రని ముక్కలను చేతితో చిత్రించేవారు. మొగలు గంజీఫాలో 8 రంగులు, 96 ముక్కలు. దశావతార గంజీఫా సాధారణ రూపంలో 10 రంగులు, 120 ముక్కలు. ప్రతి రంగులోను రాజు, మంత్రి, ఒకటి నుండి పది వరకు అంకెల ముక్కలు ఉంటాయి. అంటే దశావతార పేకలో రాజు, మంత్రి ముక్కలు 20, అంకెల ముక్కలు 100. పేకను విడగొట్టి అమ్మితే బొమ్మల కోసం వచ్చినవారి చూపు ఆ ఇరవైమీదే నిలుస్తుంది.

కాని ఆటలో విలువ బొమ్మను బట్టి రాదు. సగం రంగులలో అంకెల ముక్కలలో పది పెద్దది; తక్కిన సగంలో ఒకటి పెద్దది. ఒకే అంకె ఒక రంగులో అధికం, మరొక రంగులో అల్పం. కనుక విలువ ముక్కలో లేదు, ముక్కల మధ్య సంబంధంలో ఉంది. తన కింది పదకొండు ముక్కలు ఉన్నంతవరకే రాజు రాజు. అవి పోయాక మిగిలేది బొమ్మ.

ఇప్పటికే విడిపోయిన ముక్కను కొనకపోతే అది నశిస్తుంది కదా అన్నది బలమైన ఆక్షేపణే. అయితే శిథిలంలో మిగిలినదాన్ని దక్కించుకోవడం వేరు, నిండు పేకను శిథిలం చేయడానికి ధర కల్పించడం వేరు. ఈ రెంటినీ వేరుచేసేది కొనేవాని వివేకం. ముక్క ఎక్కడి నుండి వచ్చిందో అడగడం, దాని కొలతను, వెనుకవైపు రంగును నమోదు చేయడం, తోటి ముక్కలను వెదికే పరిశోధకునికి దానిని అందుబాటులో ఉంచడం అతని కనీస ధర్మాలు.

తాళపత్ర గ్రంథం నుండి బొమ్మ ఉన్న ఆకును మాత్రమే లాగి దాచుకున్నవానిని మనం గ్రంథ సంరక్షకుడని అనం. పేక విషయంలోను న్యాయం అదే. నిజమైన సేకర్తకు పరీక్ష ఆ ఇరవై బొమ్మలు కావు, ఎవరూ అడగని నూరు ముక్కలు.